మామయ్య చెప్పిన సముద్రం

మే 18, ఆదివారం

పటమట వాస్తవ్యుడూ, ఫ్లెక్సీల షాపు యజమానీ, ఇంటర్మీడియట్ పరీక్షను రెండుసార్లు ఎదుర్కొని రెండుసార్లూ గౌరవంగా వెనుదిరిగినవాడూ, కీర్తిశేషులు రాఘవయ్య గారి పెద్దల్లుడూ అయిన కిరీటి అనే నేను, ఈ వేసవి సాక్షిగా సర్వజనులకూ చాటుతున్నాను. అత్తగారింట్లో ఫ్యాను కింది కుర్చీ పెద్దల్లుడిది. బుట్టలో ముందు పండిన రసం మామిడి పెద్దల్లుడిది. నెయ్యి గిన్నె ముందుగా వంగవలసింది పెద్దల్లుడి విస్తరి మీదికే. ఈ శాసనాన్ని మీరినవారు, కళ్ళు సగం మూసుకున్న తమ ఫొటోతో నాలుగురోడ్ల కూడలిలో ఫ్లెక్సీగా వేలాడుదురు గాక.

ఇవాళ కుర్చీ, రసం, నెయ్యి మూడూ భాస్కర్‌కే దక్కాయి.

అతను నా తోడల్లుడు. మా ఆవిడ భానుశ్రీ చెల్లెలు శ్రీదుర్గ మొగుడు. పూర్తి పేరు ఉదయభాస్కర్. బెజవాడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. సెలవలిస్తే చాలు, అవనిగడ్డ దాటి సముద్రం వైపున్న అత్తగారి ఊరికి వచ్చి, పెన్నులాంటి మీటరొకటి జేబులోంచి తీసి బావుల్లో, బోదెల్లో, మురుగుకాలవలో ముంచుతాడు. ఉప్పెంతుందో చూసుకుంటాడు. రెండేళ్ళ కిందట వెక్కిరింపుకి ‘ఉప్పు మాస్టారు’ అని పేరు పెట్టాను. ఊరు ఆ పేరు తీసుకుని గౌరవంగా వాడటం మొదలుపెట్టింది. ఇప్పుడు మా అత్తయ్య కూడా అలాగే పిలుస్తోంది.

“కాస్త అటు జరగండి అల్లుడు గారూ, మాస్టారు ఎండన పడొచ్చారు” అంది.

జరిగాను. నేను పెట్టిన పేరే నన్ను కుర్చీలోంచి లేపింది.

మాస్టారు మజ్జిగ తాగి మొదలుపెట్టాడు. “కిందటేటి మీద ఉప్పు పెరిగిందండీ అత్తయ్య గారూ. సముద్రం వేడెక్కుతోంది, మట్టం పెరుగుతోంది. పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు మురుగుకాలవలోకి ఎగదన్నుతున్నాయి. కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇనప తలుపులు తుప్పుపట్టి సగం పోయాయి. కొత్తవి, ఇంకా ఎత్తుగా వెయ్యకపోతే శివారు పొలం నిలవదు.”

శివారు పొలమంటే అత్తయ్యదే. మామయ్య పోయాక ఆవిడే దగ్గరుండి వరి వేయిస్తోంది. కౌలుకివ్వమన్నా ఇవ్వదు.

“సముద్రం పెరిగితే మంచిదేగా! మా పటమటకి బీచి వస్తుంది” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. భాస్కర్ ఒక్కడే నవ్వాడు, మనస్ఫూర్తిగా. “అన్నయ్య గారి జోకే జోకు” అన్నాడు.

అదే నాకు ఒళ్ళు మంట. వాడు నవ్వకపోయినా బాగుండేది.

మే 21

కరెంటు లేదు. వచ్చాక మెషిను వేడికి మొరాయించింది. జిల్లా పేజీలో మురుగుకాలవ వార్త, పక్కన భాస్కర్ ఫొటో. బొజ్జ స్పష్టంగా కనపడుతోంది. సంతోషం.

మే 26, సోమవారం

రామకోటేశ్వరరావు గారు కారు దిగి నా షాపులోకి వచ్చారు. అత్తగారి ఊళ్ళో పార్టీకి పెద్ద ఆయన. మురుగుకాలవ పక్కనే ఆయన రొయ్యల చెరువులు. ఎలక్షన్లప్పుడు నా మెషిను ఆయన మొహం వేసీ వేసీ మా ఇంట్లో గోడలమీద కూడా ఆ మీసాలే కనపడుతుంటాయి.

“ఏమోయ్ కిరీటీ! మీ తోడల్లుడు నన్ను ముంచేట్టున్నాడే.”

“ఆయన ముంచుతాననలేదండీ. సముద్రం ముంచుద్దంటున్నాడు.”

“ఏ సముద్రమయ్యా? పుట్టిన్నాటి నించీ చూస్తన్నా, అక్కడే ఏడిసింది. ఈ వాతావరణ మార్పనేది ఫారినోళ్ళు మన రొయ్యని చూడలేక పుట్టించిన కథ. ఎండ ఎప్పుడు లేదు బెజవాడలో? రోహిణీ కార్తెని కనిపెట్టింది వాళ్ళేనా?”

ఆయన బాధేమిటో నాకు తెలుసు. కొత్త తలుపులు వేస్తే ఉప్పునీళ్ళు పైకి రావు. ఉప్పునీళ్ళు రాకపోతే చెరువులకి కష్టం. అయినా ఆయన దాన్ని చెరువుల సంగతిగా చెప్పరు, దేశం సంగతిగా చెప్తారు. వింటుంటే నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అక్కడికక్కడే ఓ మాట అల్లి ఇచ్చాను: ‘సముద్రం మనది – భయం వాళ్ళది’.

“అబ్బా! ఏం రాశావయ్యా!” అని వీపు చరిచారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఇంకోటి కావాలోయ్. సైన్సు మాట్లాడేవాడితో మనం సైన్సు మాట్లాడలేం. ఊళ్ళో పెద్దమనిషెవరన్నా ఒక మాట అని ఉండాలి” అన్నారు.

అప్పుడొచ్చింది నా నోట్లోంచి. ఎలా వచ్చిందో తెలియదు.

“మా మామగారు అంటుండేవారండీ. ‘సముద్రం ఏటికేడూ వెనక్కి పోతోంది అల్లుడు గారూ, ఇక మన మురుగుకాలవ నీళ్ళు కూడా తియ్యబడతాయి’ అని.”

మామయ్య నాతో జీవితంలో మాట్లాడినవి రెండే మాటలు. ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్తారు. గట్టుమీద గంటలకొద్దీ మాట్లాడింది భాస్కర్‌తో. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుందీ వాడే. నాకు ఆ టైములో పని ఎక్కువగా ఉండింది.

రామకోటేశ్వరరావు గారి కళ్ళు మెరిశాయి. “పోయినాయన మాటని కాదనేవాడెవడోయ్!”

భాస్కర్ మొహం ఎలా మాడిపోతుందో ఒక్కసారి చూద్దామని. అంతే. వేరే ఉద్దేశం ఏమీ లేదు. లేదు.

మే 29

మామయ్య షష్టిపూర్తి ఫొటో వేశాను. దండ తీసేసి, వెనక నీలం సముద్రం పెట్టాను. కింద పెద్ద అక్షరాల్లో, సముద్రం వెనక్కి పోతోందన్న మాట. ‘అనుభవజ్ఞుడైన రైతు, కీ.శే. రాఘవయ్య గారు’. ఇంత బాగా నేను ఏ ఎమ్మెల్యేకీ వెయ్యలేదు.

భానుశ్రీ చూసింది. “ఏవండీ, మా నాన్న మీతో మాట్లాడారా?”

ఏం మాట్లాడారు అని అడగలేదు. మాట్లాడారా, అని.

“నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు” అన్నాను.

జూన్ 1, ఆదివారం

తిట్లకి సిద్ధపడి అత్తగారి ఊరు వెళ్ళాను. అత్తయ్య ఫ్లెక్సీ దింపించమంటుంది, నవ్వేసి దింపేద్దాం, ఈలోపు భాస్కర్ మొహం ఎలాగూ చూసేస్తాం గదా అనుకున్నాను. చెరువు సెంటర్లో ఆటో దిగేసరికి ఫ్లెక్సీకి బంతిపూల దండ. అత్తయ్యే పొద్దున్నే వచ్చి వేసి వెళ్ళిందట.

“రండి అల్లుడు గారూ, రండి. ఇక్కడ కూర్చోండి.” ఫ్యాను కింది కుర్చీ.

రసం పిండి గిన్నెలో పోసి చేతికిచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని నా ఎదురుగా పీట మీద కూర్చుంది.

“అంతకాలం కాపరం చేశాను. పొలం గురించి నాతో ఒక్క ముక్క చెప్పిన మనిషి కాదు. నీకేం తెలుసే అనేవారు. మీతో చెప్పారన్నమాట. పోన్లెండి, ఎవరితోనన్నా చెప్పారు. ఇంకేమన్నారు?”

ఇక్కడ ఆగి ఉండవలసింది.

“మా రావమ్మ ఉన్నంతకాలం శివారు పొలానికి ఢోకా లేదు, అన్నారండీ.”

తన పేరు వినగానే ఆవిడ ఏడ్చింది. లోపలికెళ్ళి నెయ్యి గిన్నె తెచ్చింది.

భాస్కర్ గుమ్మం మీద కూర్చుని ఇదంతా విన్నాడు. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అడిగాడు. “అన్నయ్య గారూ, మామయ్య నిజంగా అన్నారా?”

“అన్నారు.”

“నాతో అనలేదు.”

“అన్నీ నీతోనే అనాలా ఏం?”

వాడు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. “మీరు పెద్దవారు. మామయ్య పేరు మీద మీరు చెప్పినదాన్ని అత్తయ్య ముందు నేను కాదనడం బాగుండదు” అన్నాడు.

బాగుండదు! ఊరంతటికీ ఉప్పు కొలిచి చూపించేవాడు నా అబద్ధాన్ని కొలవలేకపోయాడు. చిన్నల్లుడు గదా.

ఇవాళ్టి రసం గురించి రాయడానికి మాటలు లేవు.

జూన్ 8

మళ్ళీ వెళ్ళాను. మామయ్య ఇంకో రెండు మాటలన్నారు.

జూన్ 15

మామయ్య ఈ మధ్య బాగా మాట్లాడుతున్నారు. కొబ్బరి మొక్కలు ఎక్కడ వెయ్యాలో కూడా చెప్పారు.

జూన్ 19, గురువారం

ఫ్లెక్సీ రోల్సుకి వన్ టౌన్ వెళ్ళాను. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అదే ఫ్లెక్సీ కావాలంటున్నాయి, ఎవరి తాత ఫొటో వాళ్ళు తెచ్చుకుని. రోల్సు షాపాయన నా చేతిలో నమూనా చూసి, “మా తాత కూడా అచ్చం ఇదే అనేవాడండీ, సముద్రం వెనక్కి పోతోందని” అన్నాడు.

“మీ తాతగారిది ఏ ఊరండీ?”

“కొండపల్లి.”

కొండపల్లికీ సముద్రానికీ ఏం సంబంధమో నేను అడగలేదు. నవ్వొచ్చింది. బయటికొచ్చి తోపుడుబళ్ళ మధ్య నిలబడి నవ్వుకున్నాను. నేను చేసిన చిలిపి పనుల్లో దీన్ని మించింది లేదు. వీధికుక్కకి పుట్టినరోజు ఫ్లెక్సీ వేసి, శుభాకాంక్షలు తెలిపేవారుగా కాలనీ కమిటీ ఫొటోలన్నీ పెట్టినదానికన్నా దీనిదే పైచెయ్యి.

రామకోటేశ్వరరావు గారు ఏదో టీవీలో మాట్లాడుతూ, “పుస్తకాలు చదివినవాళ్ళ మాట వినాలా, మట్టి పిసికినవాళ్ళ మాట వినాలా?” అన్నారు. నా మాటే అది, కొంచెం మార్చి.

భాస్కర్ పేరు పేపర్లో రావడం మానేసింది.

జూలై 2

అత్తయ్య ఫోను. పంటకాలవ నీళ్ళు ఇంకా శివారుకి అందలేదట. నారుమడి పోసి కూర్చున్నానంది. “మీ మామయ్య ఏమన్నా చెప్పారా, మురుగుకాలవ నీళ్ళు నారుకి పనికొస్తాయని?”

“తియ్యబడతాయన్నారు గదండీ” అన్నాను.

పనిలో ఉన్నాను. అవతల కస్టమరు నిలబడి ఉన్నాడు.

జూలై 12, శనివారం

పొద్దున్నే శ్రీదుర్గ ఫోను చేసింది. “బావ గారూ, నారుమడి మాడిపోయింది. అక్కని తీసుకుని రండి.”

పౌర్ణమి పోటుకి సముద్రం మురుగుకాలవలోకి ఎగదన్నింది. అత్తయ్య ఇంజను పెట్టించి ఆ నీళ్ళే నారుమడికి తోడించింది. వద్దని భాస్కర్ ముందే ఫోను చేశాడట. మళ్ళీ చేశాడట. “మా ఆయన తియ్యబడతాయన్నారు బాబూ” అని పెట్టేసిందట.

గట్టు మీదికి వెళ్ళేసరికి నారు కొసలు ఎర్రగా మాడి, మడి అంచుల్లో తెల్లటి పొర తేలి ఉంది. ముగ్గు పిండి చల్లినట్టుంది. భాస్కర్ పంట్లాం మోకాళ్ళదాకా మడిచి కాలవలో మీటరు ముంచుతున్నాడు. వాడి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వాటిలో నా మీద కోపమేమీ లేదు. నారు కోసమే ఏడ్చి ఉంటాడు. ఇంకొకరి నారు కోసం ఏడవడం కూడా వాడికే చేతనైంది.

“విత్తనం మంచిది కాదు” అంది అత్తయ్య.

“విత్తనం కాదండీ” అన్నాడు భాస్కర్.

“అయితే మందు కల్తీదై ఉంటుంది. ఆ కొట్టువాడు మొదట్నించీ దొంగ వెధవ.”

“అత్తయ్య గారూ, నీళ్ళండీ. నా మీటరు నమ్మొద్దు. కాసిని నోట్లో పోసుకు చూడండి.”

ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గట్టు దిగింది. దోసిలితో నీళ్ళు తీసుకుంది. ఊసేస్తుందనుకున్నాను. గుటక వేసింది. ఆవిడ మెడ దగ్గర నరాలు బిగుసుకోవడం నాకు కనపడింది.

“తియ్యగానే ఉన్నాయి” అంది.

భాస్కర్ మీటరు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. భానుశ్రీ మొహం పక్కకి తిప్పుకుంది.

“మీరూ చూడండి అల్లుడు గారూ. మీతో చెప్పిన మాట గదా” అంది అత్తయ్య.

దిగాను. నోట్లో పోసుకున్నాను. నాలుక ముడుచుకుపోయింది. ఆవిడ నా వంకే చూస్తోంది, పరీక్ష పేపరు ఇచ్చిన మాస్టారిలా కాదు, రాసిన పిల్లలా.

“తియ్యగానే ఉన్నాయండీ” అన్నాను.

జూలై 13

నాలుక మీద ఇంకా ఉంది.

జూలై 16

ఎవరో నారు ఇస్తామన్నారట, అత్తయ్య దానితో నాట్లు వేయిస్తుందట. భాస్కర్ ఏర్పాటు చేశాడట. వాడే చేస్తాడు. చెయ్యనీ. నేనేమీ అనుకోవడం లేదు.

భానుశ్రీ నాతో మాట్లాడటం లేదు. ఎందుకో చెప్పడం లేదు. నేనూ అడగడం లేదు.

జూలై 22, మంగళవారం

భాస్కర్ షాపుకొచ్చాడు. ఎప్పుడూ రాడు. స్టూలు వేశాను. వాడు కూర్చోలేదు.

“సోమవారం ఇంజనీరు గారు ఊళ్ళోకి వస్తున్నారు అన్నయ్య గారూ. కొత్త తలుపులు ఎక్కడ వెయ్యాలో అదే రోజు తేలుస్తారు. రైతులు అక్కర్లేదంటే ఆ పని వేరే కాలవకి పోతుంది. మళ్ళీ ఎన్నేళ్ళకో.”

“అనరులే.”

“అత్తయ్య గారు లేచి మాట్లాడతారట. మామయ్య మాట చెప్తారట. రామకోటేశ్వరరావు గారు ఇంటికొచ్చి మరీ అడిగి వెళ్ళారు. శివారు రైతే వద్దంటే ఇంజనీరు గారు మాత్రం ఏం చేస్తారు? తలుపులు పడకపోతే ఆ పొలం పోతుందండీ. రేపు కాకపోతే ఎల్లుండి.”

నేను మెషిను మీద దుమ్ము తుడిచాను.

“మీరు అబద్ధం చెప్పారని చెప్పమనడం లేదు” అన్నాడు. “మామయ్య ఇంకేదో అన్నారు, నాకు తప్పు వినపడింది, అనండి చాలు. అత్తయ్య గారికి కూడా పరువుగా ఉంటుంది.”

నేను పడ్డ గోతిలోకి నిచ్చెన కూడా వాడే దింపుతాడు. నునుపు చేసి, చేతికి ముల్లు గుచ్చుకోకుండా. అలాంటి మాట నాకెందుకు తట్టలేదు? తట్టుంటే నేనే చెప్పి ఉండేవాణ్ణి. వాడిచ్చిన మాట పట్టుకుని ఎలా చెప్పను?

“నాకు చెవులు బాగానే పనిచేస్తాయి తమ్ముడూ. నీ మీటరుకే ఓసారి సర్వీసింగు చేయించు” అన్నాను.

వాడు నవ్వలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

గెలిచాననుకోవాలి.

జూలై 24, అమావాస్య

పోటు మళ్ళీ వచ్చిందట. కొత్త నాట్లకి అవతలి గట్టు దాకా.

జూలై 28, సోమవారం

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా. వెనక నా ఫ్లెక్సీ, అందులో మామయ్య, మామయ్య వెనక నీలం సముద్రం. కుర్చీలూ మైకులూ కూడా నేనే పట్టించుకొచ్చాను, పార్టీ ఖాతాలో.

రామకోటేశ్వరరావు గారు దంచారు. “ఎక్కడో మంచు కరిగితే మన కాలవకి తలుపులు వేస్తారంటయ్యా! మన తాతల కన్నా వాళ్ళ కంప్యూటరు గొప్పదా?” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో ఉప్పుకి బావులు వదిలేసి నీళ్ళ డబ్బాలు కొనుక్కునేవాళ్ళు కూడా ఉన్నారు.

భాస్కర్ మాట్లాడాడు. బాగా మాట్లాడలేదు. కొలతలు చదివాడు. వెనక ఎవడో “ఉప్పు మాస్టారూ, పప్పులోకి చాలుద్దా?” అని అరిచాడు. అది నా జోకే. నేను ఎప్పుడో షాపులో వేసింది. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంజనీరు గారు చేతిగడియారం చూసుకున్నారు. “శివారు రైతులెవరన్నా ఉంటే చెప్పండి. మీకు తలుపులు కావాలా, వద్దా?”

అత్తయ్య లేచింది. ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకుంది. మైకు ముందు నిలబడి ఫ్లెక్సీ వంక తిరిగి ఒకసారి చూసింది. పెదవులు కదిలాయి గానీ ముందు వరసకి కూడా వినపడలేదు. “గట్టిగా చెప్పమ్మా” అని అరిచారు. ఆవిడ తడబడి నా కోసం వెతికింది.

నేను లేచాను. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. “అత్తయ్య గారూ, మామయ్య అలా అనలేదండీ” అన్నాను. మైకులో అందరికీ వినపడింది. “నేనే కల్పించాను. ఆ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. నేనూ తాగాను, మీరూ తాగారు. మన పొలానికి తలుపులు కావాలండీ” అన్నాను. రామకోటేశ్వరరావు గారు కుర్చీ తన్నుకుంటూ లేచారు. భాస్కర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. అత్తయ్య నా మొహంలోకి చూసి, “నాకు తెలుసులే బాబూ, ఆయన అంత తీరిగ్గా మాట్లాడే మనిషా” అని నవ్వింది. ఇంజనీరు గారు రాసుకున్నారు.

పైన రాసింది చదువుకున్నాను. బాగా వచ్చింది. అచ్చు వేస్తే ఎవరన్నా నమ్ముతారు.

షామియానా నిజం. చప్పట్లు నిజం. అత్తయ్య నా కోసం వెతకడం నిజం. నేను లేవడం, వెళ్ళి ఆవిడ పక్కన నిలబడటం కూడా నిజమే. ఆ తర్వాత నేను అన్నట్టు రాసిన మాట ఒక్కటీ నేను అనలేదు. మైకు ఆవిడ ఎత్తుకి ఎక్కువైంది. స్టాండు మర తిప్పి, సరిగ్గా ఆవిడ నోటికి అందేలా కిందికి దించి, వచ్చి కూర్చున్నాను.

“తలుపులు వద్దండీ. మా ఆయన చెప్పారు” అంది అత్తయ్య.

ఆఖరి వరస దాకా చక్కగా వినపడింది.